త్రోయలో ఉండిపోయిన అంగీ



పోయిన నెలలో మా జనగామ సంఘములో సండేస్కూలు పిల్లలు మిషనరీ నాటిక వేశారు. దూదితో గడ్డం అంటించుకుని, అట్టతో చేసిన టోపీ పెట్టుకుని ఒక పిల్లవాడు దొరగారయ్యాడు. ఏరు దాటాడు. పులిని చూసి మోకరించాడు, పులి వెళ్ళిపోయింది. (పులి వేషం వేసినవాడి తోక ఊడి క్రింద పడితే సంఘమంతా నవ్వింది.) చివరకు ఊరు ఊరంతా రక్షణ పొందింది. అంతా ఇరవై నిమిషాలలో ముగిసింది. నేనే లేచి బహుమానాలు పంచాను.

ఇంటికి వచ్చాక మా ఇంటావిడ అన్నం వడ్డిస్తూ ఒక మాట అన్నది. "ఏమండీ, ఆ దొరగారి పక్కన దొరసాని పిల్ల అంతసేపు నిలబడింది గదా, దానికి ఒక్క మాట కూడా రాయలేదేం?"

నాటిక వ్రాసింది నేనే. జవాబు చెప్పలేక అన్నం తిని లేచాను.

నాకు తెలిసిన ఒక మిషనరీ అమ్మగారు ఉన్నారు. తెల్లదొరసాని కాదు, తిరునెల్వేలి జిల్లా ఆడపడుచు. తమిళనాడు సంఘాలవారు పంపగా ఆమె, ఆమె భర్త 1979లో మన ప్రాంతానికి వచ్చారు. భూపాలపల్లి దాటిన తరువాత అడవి అంచున ఉన్న ఒక పల్లెలో నలభై ఏళ్ళకు పైగా పరిచర్య చేశారు. కరోనా వచ్చిన 2020లో అయ్యగారికి 71 ఏళ్ళు, అమ్మగారికి 66. పంపినవారు విశ్రాంతి ఇచ్చి చాలా కాలమైనా వారు ఊరు విడువలేదు. ఆ రోజులలో నేను భూపాలపల్లిలో, సింగరేణి కార్మికులు ఎక్కువగా ఉన్న సంఘమునకు కాపరిగా ఉన్నాను. వారి పల్లె కూడా నా పాస్టరేటులోనిదే. సంగతి వ్రాయుటకు అమ్మగారు ఒప్పుకున్నారు, పేర్లు మాత్రం వద్దన్నారు. కాబట్టి అయ్యగారు, అమ్మగారు అనే వ్రాస్తాను.

తమిళనాడు నుండి వచ్చినవారు పరదేశ మిషనరీలు ఎలా అవుతారని మీలో కొందరికి సందేహము రావచ్చు. నా స్వస్థలము మహబూబాబాద్ జిల్లాలో డోర్నకల్ దగ్గర. అక్కడివారికి ఈ సందేహము రాదు. 1903 ఫిబ్రవరి 12న తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, డోర్నకల్ ప్రాంతమును తమ మిషను క్షేత్రముగా ఎన్నుకున్నారు. ఆ సొసైటీ స్థాపకులలో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1909లో గురువుగా అభిషేకము పొంది తామే డోర్నకల్‌కు వచ్చారు. అప్పుడది నిజాము రాజ్యము. నాణెము వేరు, తపాలా బిళ్ళ వేరు, దొరతనము వేరు. భాష సంగతి చెప్పనక్కరలేదు. ముప్పై అయిదేళ్ళ మనిషి పలకా బలపం పట్టినట్టు తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా ప్రతిష్ఠింపబడినప్పుడు ఆంగ్లికన్ సంఘములో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే ప్రభువునందు నిద్రించారు. మావైపు వారు ఆయనను "తండ్రిగారు" అనేవారు. మా నాయనమ్మ చిన్నపిల్లగా ఆయనను చూసిందట. ఆయన గడ్డం కంటే ఆయన భార్య అన్బు అమ్మగారి చీర రంగే తనకు బాగా జ్ఞాపకమని చెప్పేది!

అదే 1903వ సంవత్సరములో మన తెలుగు బాప్టిస్టులు కూడా ఒక తెలుగువానిని సముద్రము దాటించారు. రెవ. జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాలుకు, చెరుకు తోటలలోను తేయాకు తోటలలోను కూలికి వెళ్ళిన మన తెలుగువారి మధ్య పని చేయుటకు వెళ్ళారు. 1915లో అక్కడే కన్నుమూశారు. ఇక గుంటూరులో 1842లో లూథరన్ మిషను స్థాపించిన ఫాదర్ హయ్యరు గారు అమెరికాకు తిరిగి వెళ్ళిపోయి కూడా, రాజమండ్రి పని చేయి జారిపోతున్నదని విని 1869లో మళ్ళీ ఓడ ఎక్కారు. అప్పటికి ఆయనకు 76 ఏళ్ళు. మన ఇళ్ళలో ఆ వయసు వారిని ఒంటరిగా బస్సు కూడా ఎక్కనివ్వము.

దూరదేశము, పైగా వృద్ధాప్యము. దానికి తోడు ఒక తెగులు వస్తే? పాతకాలపు మిషనరీలకు తెగులు అంటే ముందుగా కలరా. కెనడా బాప్టిస్టు మిషనరీ ఏ.వి. టింపనీ గారు 1885లో కాకినాడలో కలరాతోనే పోయారు. అప్పటికి ఆయనకు నా వయసే, నలభైలలో ఉన్నారు. అంతకు ఒక్క సంవత్సరము ముందే, 1884లో, రాబర్ట్ కోక్ అనే జర్మను వైద్యుడు కలకత్తాలో కూర్చుని కలరా క్రిమి ఇదీ అని రుజువు చేశాడు. అయినా క్రిమి తెలిసినంత మాత్రాన ప్రాణము నిలుపుట చేతకాలేదు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు త్రాగిస్తే కలరా రోగులు బ్రతుకుతారని పెద్దయెత్తున రుజువైనది 1971లో, బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరాలలో, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గారి చేతుల మీదుగా. ఇప్పుడు ప్రతి ఆశా కార్యకర్త సంచిలోను ఉండే ఓఆర్ఎస్ పొట్లము అదే.  

తరువాతది 1918 ఇన్‌ఫ్లుయెంజా. ఆ యేడు జూనులో బొంబాయి రేవులో మొదలై, రైలు మార్గాల వెంట దేశమంతటా ప్రాకింది. వానలు కూడా ముఖము చాటేశాయి. జ్వరము ఒక పక్క, కరువు ఒక పక్క. దేశము మొత్తము మీద కోటికి పైగా ప్రాణాలు పోయాయని లెక్కలు కట్టినవారు చెప్తారు. 1911 జనాభా లెక్కలలో నిజాము రాజ్యములో కోటీ 33 లక్షలకు పైగా జనము ఉంటే, 1921 నాటికి కోటీ 25 లక్షలకు లోపే తేలారు. పదేళ్ళలో పెరగవలసిన జనము తరిగిపోయింది. అజరయ్య గారు డోర్నకల్ బిషప్పుగా ఉన్నది ఆ కాలములోనే. టీకా లేదు, తగిన మందు లేదు. తిరునెల్వేలి నుండి వచ్చినవారికి ఇంటి నుండి ఉత్తరము రాకపోతే, తపాలా ఆలస్యమా, ఇంటివారే లేరా అన్నది తెలియని రోజులు.

ఇవన్నీ నేను పుస్తకాలలో చదివినవి. 2020 నేను కళ్ళారా చూసినది.

మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే మన రాష్ట్రములో లాక్‌డౌన్ ప్రకటించారు. బస్సులు ఆగిపోయాయి. రెండు రోజులలో పల్లెలన్నీ తమ దారులకు అడ్డముగా ముళ్ళకంప వేసుకున్నాయి. అయ్యగారి పల్లె కూడా వేసుకుంది. అప్పుడు అడవిలో ఇప్పపువ్వు రాలే కాలము. జనము తెల్లవారుజామున అడవికి పోయి పువ్వు ఏరుకుని వచ్చి, మళ్ళీ తలుపులు వేసుకునేవారు.

అయ్యగారికి నలభై ఏళ్ళ అలవాటు ఒకటుంది. ఉదయమే ఇంటింటికీ వెళ్ళి పలకరించడము. అది వద్దన్నారు. మొదటి మూడు రోజులు కాలు కాలిన పిల్లిలా వాకిట్లోనే తిరిగారట. నాలుగవనాడు అమ్మగారు తన పాత చీర చింపి కుట్టిన గుడ్డ ముక్కుకు కట్టుకుని, చేతికర్రతో బయలుదేరారు. ఏ ఇంటి గడపా ఎక్కలేదు. ప్రతి వాకిటి ముందు, ఆరడుగుల దూరములో నిలబడి, ఆ ఇంటివారి పేర్లు పెట్టి ప్రార్థన చేసి ముందుకు సాగేవారు. లోపలి నుండి "ఆమెన్" వినబడేది. క్రైస్తవులు కాని ఇళ్ళ ముందు కూడా నిలబడేవారు. అక్కడ ఆమెన్ రాదు గాని, "సార్, జర పైలం, రాళ్ళున్నయ్" అనే మాట వచ్చేదట. ఈ సంగతి నేను చాలా ప్రసంగాలలో చెప్పాను. వినడానికి బాగుంటుంది, నాటికకూ పనికి వస్తుంది.

నేను చెప్పనిది అమ్మగారి దినచర్య. తెల్లవారి నాలుగు గంటలకు లేచి నీళ్ళు కాచేది. అయ్యగారు తిరిగి రాగానే బట్టలు వేడినీళ్ళలో వేసి ఉతికేది. ఎదుటింటి ఇద్దరు ముసలివాళ్ళకు కూడా కలిపి గంజి కాచేది. మధ్యాహ్నము కాలిమిషను ముందు కూర్చుని గుడ్డలు కుట్టేది. ఊరందరికీ సరిపడ కుట్టింది. మూడు గంటలకు తిరునెల్వేలిలో ఉన్న అక్కకు ఫోను చేసేది. సిగ్నలు ఇంట్లో దొరకదు, నీళ్ళ ట్యాంకు గద్దె మీదికి ఎక్కాలి. మోకాళ్ళ నొప్పులు గల మనిషి రోజూ ఆ గద్దె ఎక్కి దిగేది. రీచార్జి అయిపోతే, ఊళ్ళో కుర్రవాడు ఎవడో తన ఫోను నుండి వేయించేవాడు.

ఏప్రిలులో ప్రభుత్వము రేషను కార్డు ఉన్నవారికి మనిషికి పన్నెండు కిలోల బియ్యము, ఇంటికి 1,500 రూపాయలు ఇచ్చింది. వీరికి ఇక్కడ కార్డు లేదు. పేర్లు తిరునెల్వేలిలో కొడుకు ఇంటి కార్డులో ఉన్నాయి. పింఛను సొమ్ము భూపాలపల్లి బ్యాంకులో ఉన్నది, బ్యాంకుకు పోవడానికి బస్సు లేదు. ఒకనాటి ఉదయము గేటు దగ్గర సత్తుగిన్నె నిండా బియ్యము కనబడ్డాయి. పక్కింటి కోయ అవ్వ పెట్టిపోయింది. ఆమె మన సంఘస్థురాలు కాదు. అమ్మగారు మొహమాటపడి గిన్నె తిప్పి పంపారు. మరునాడు ఆ అవ్వ మళ్ళీ తెచ్చి, గిన్నె ఠంగున నేల మీద పెట్టి కోపముతో అన్నదట: "నలభై యేండ్లు మీరిచ్చింది మేం దీసుకోలేదా? ఇయ్యాల మేమిస్తే మీకు చేదైందా?"

అమ్మగారు ఆ బియ్యము వండారు. అది చెప్తూ, "బిడ్డా, ఇవ్వడము నేర్పే ట్రెయినింగులో నాలుగు నెలలు కూర్చున్నాము. పుచ్చుకోవడము ఎవరూ నేర్పలేదు" అన్నారు.

ఇక నా సంగతి. నేను ప్రతి శనివారము వారికి ఫోను చేసేవాణ్ణి. "అయ్యగారూ, బాగున్నారా?" "ప్రభువు కృప, బిడ్డా." "మందులున్నాయా?" "ప్రభువు కృప." నా పుస్తకములో వారి పేరు పక్కన టిక్కు పెట్టేవాణ్ణి. ఏప్రిలు 12న ఈస్టరు పండుగ. ఖాళీ మందిరములో ఒక్కణ్ణే నిలబడి ఫోనులో ప్రసంగించాను. అది విని అయ్యగారు ఫోను చేసి మెచ్చుకున్నారు. ఆ రోజు కూడా ప్రభువు కృపే.

మే నెల మొదటి వారములో సరుకులు పంచుటకు పోలీసువారు పాసు ఇచ్చారు. సంఘ యువకులతో కలిసి ఆ పల్లెకు వెళ్ళాను. అయ్యగారి ముఖము ఉబ్బి ఉంది, కాళ్ళు వాచి ఉన్నాయి. ఆయన యువకులతో మాట్లాడుతుండగా అమ్మగారు నన్ను వంటింటి వైపు పిలిచి, అటక మీది డబ్బా దించి చూపారు. బీపీ మాత్రలు. కత్తిపీటతో ఒక్కొక్కటి రెండు ముక్కలు చేసి ఉన్నాయి. "ఏప్రిలు మొదటి వారము నుండి రోజూ సగమే వేసుకుంటున్నారు. నా షుగరు మాత్రలు అయిపోయి పన్నెండు రోజులైంది. మీకు చెప్పవద్దన్నారు. పాస్టరుగారికి మూడు వందల కుటుంబాలు ఉన్నాయి, మన భారము దేనికి అన్నారు."

నాకు కోపము వచ్చింది. ముందు ఆయన మీద వచ్చింది, ఇంటికి చేరేసరికి నా మీదికి తిరిగింది. ఆరు శనివారాలు "మందులున్నాయా" అని అడిగాను గాని, "ఎన్ని మాత్రలున్నాయి, లెక్కపెట్టి చెప్పండి" అని ఒక్కసారైనా అడగలేదు. భక్తిగల జవాబు వస్తుందని తెలిసే అడిగాను. అది రాగానే నా పని అయిపోయినట్టు భావించాను. మన సంఘాలలో "ప్రభువు కృప" అనే మాట వెనుక ఎన్ని ఖాళీ డబ్బాలు ఉన్నాయో అప్పుడు తెలిసింది. మరునాడే ఒక యువకుడు మోటారు సైకిలు మీద నెలకు సరిపడ మందులు చేర్చాడు. అప్పటి నుండి ఊరి ఆశా కార్యకర్త వారానికి ఒకసారి డబ్బా తెరిచి మాత్రలు ఎంచేది. ఆమె ముందు కృప మాటలు చెల్లలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక తెరిచాను. డిప్లొమా చదివే రోజులలో ఆ పత్రిక మీద పరీక్ష వ్రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. పరుగు ముగించుట, కిరీటము, ఇవన్నీ కంఠస్థమే. ఆ క్రింద ఉన్న సంగతి మీద మాత్రము ఎన్నడూ ప్రసంగించలేదు. పరదేశములో, సంకెళ్ళలో, ముసలి మిషనరీ. చలికాలము వస్తున్నది. త్రోయ పట్టణములో కర్పు అనేవాని ఇంట తన అంగీ ఉండిపోయింది, అది తెమ్మంటాడు. పుస్తకాలు తెమ్మంటాడు. చలికాలము రాకముందే రమ్మంటాడు. మార్కును వెంటబెట్టుకుని రమ్మంటాడు. లూకా తప్ప తన దగ్గర ఎవరూ లేరని దాచకుండా వ్రాస్తాడు. ఎవరు తనను విడిచిపోయారో పేరు పెట్టి చెప్తాడు. కృప గురించి ఆయనకంటే ఎక్కువ వ్రాసినవారు ఎవరు? అయినా చలి వేస్తే అంగీ కావాలనే వ్రాశాడు.

మరుసటి శనివారము ఇదే అయ్యగారికి చదివి వినిపించాను. అవతల చాలాసేపు శబ్దము లేదు. తరువాత నవ్వి, "పౌలుకు భార్య లేదు బిడ్డా, ఉంటే ఆమె చేత చెప్పించేవాడు" అన్నారు. జవాబు చెప్పడములో ఆయన నాకంటే గడుసువారు.

జూన్ 8న మందిరాలు తెరవవచ్చని అనుమతి వచ్చింది. అరవై అయిదు దాటినవారు ఇంటనే ఉండాలని అందులో సూచన. తాము ఇటుక ఇటుక మోసి కట్టిన మందిరములోనికి ఆ ఇద్దరే రాకూడదు! పెద్దలు బాధపడ్డారు. ఒకరిద్దరు "ఎవరు చూస్తారు, రానివ్వండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. చివరకు బయట వేపచెట్టు క్రింద రెండు కుర్చీలు వేశాము. సంస్కారము నేనే అక్కడికి తీసికొని వెళ్ళి ఇచ్చాను. వాన వచ్చిన ఆదివారము గొడుగు పట్టుకుని కూర్చున్నారు.

ఆగస్టులో అమ్మగారి అక్క తిరునెల్వేలిలో చనిపోయింది. కరోనా కాదు, వయసు. అమ్మగారు ట్యాంకు గద్దె మీద నిలబడి, అరచేతిలో పట్టే ఫోనులో అక్క భూస్థాపన చూసింది. మధ్యలో బొమ్మ ఆగిపోయింది. మట్టి వేసే సమయము కనబడలేదు.

తరువాతి ఆదివారము వారి ఇంట్లో సంఘ పెద్దలము కూర్చున్నాము. కొడుకు కారు తీసికొని వచ్చి తీసుకుపోతానంటున్నాడు, ఏమి చేద్దామన్నది మాట. అయ్యగారు పోనన్నారు. పెద్దలకు అది సంతోషము. ఒక పెద్దాయన ప్రేమతోనే అన్నాడు: "అయ్యగారూ, మీరు మమ్మల్ని ఇడిసి పోవద్దు. మందిరం పక్కన మీకోసమని జాగ ఎప్పుడో అనుకున్నం." సమాధికి స్థలము అన్నమాట. మేమందరము తలలూపాము. నేను కూడా ఊపాను. అజరయ్య గారి మాట కూడా ఎత్తాను. నాలుక ఊరుకోదు గదా.

తలుపు దగ్గర నిలబడి ఉన్న అమ్మగారు, నలభై ఒక్క ఏళ్ళలో మొదటిసారి పెద్దల మాటల మధ్యకు వచ్చారు. "ఆయనకు పిలుపు వచ్చింది, నేను వచ్చాను. ఇష్టపడే వచ్చాను. మా అమ్మ పోయింది, వెళ్ళలేదు. నాన్న పోయాడు, వెళ్ళేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. ఇప్పుడు అక్క. నేను మా ఊరు పోవాలి. మా భాషలో నిద్రపోవాలి. ఇది పాపమైతే పాస్టరుగారు చెప్పండి."

ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆయనకు ఆ మాట అప్పుడే మొదటిసారి తెలిసినట్టుంది. కొంచెము సేపటికి, "కొడుకుకు ఫోను చేయి" అన్నారు.

పాపమని నేను చెప్పలేదు. పాపము కాదని కూడా వెంటనే చెప్పలేదు, ఆ ఆలస్యమునకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఒక పెద్ద వారి ప్రయాణము నాటికి కూడా అలిగి రాలేదు.

అక్టోబరులో కొడుకు వచ్చాడు. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. కారు వెనుక సీటులో దిండ్లు, నీళ్ళ సీసాలు, మాత్రల డబ్బా. కోయ అవ్వ ఇప్పపువ్వు మూట ఒకటి ఇచ్చింది. అయ్యగారి స్వెట్టరు, గోధుమ రంగుది, మోచేతుల దగ్గర అతుకులు వేసినది, తలుపు వెనుక మేకుకు ఉండిపోయింది. ఫోను చేసి పంపమంటారా అని అడిగితే, "మా ఊళ్ళో చలి ఎక్కడిది? ఉండనీ, వస్తాను గదా" అన్నారు.

2021 మార్చి 1న అరవై దాటినవారికి టీకాలు మొదలైనాయి. ఇద్దరూ మొదటి డోసు వేయించుకున్నారు. ఏప్రిలు, మే నెలలలో రెండవ అల ఎలా వచ్చిందో మీకు నేను చెప్పనక్కరలేదు, మీ ఇళ్ళలో ఎవరో ఒకరు పోయే ఉంటారు. మే నెలలో అయ్యగారు తిరునెల్వేలిలో ప్రభువు సన్నిధికి చేరారు. మా పల్లెవారు ఎవరూ పోలేకపోయారు. మళ్ళీ లాక్‌డౌనే. ఆ సాయంత్రము జనము తమ తమ వాకిళ్ళలో నిలబడి, ఆయన నడిచిన వరుసలోనే, ఒకరి తరువాత ఒకరు ప్రార్థన చేశారు. కోయ అవ్వ తన వాకిటిలో నిలబడి ఏమి అన్నదో ఎవరికీ వినబడలేదు.

నాలుగు నెలల తరువాత అమ్మగారు ఫోను చేశారు. స్వెట్టరు గురించి నేనే ఎత్తాను. "అది అవ్వకు ఇవ్వండి, డిసెంబరులో ఆమెకు దగ్గు వస్తుంది" అన్నారు. కొంచెము ఆగి, "నాకు ఒకటి కావాలి, అడగనా?" అన్నారు.

అడగమన్నాను.

"ఇక్కడ మా వాళ్ళంతా నా తమిళము తెలుగులా ఉందంటున్నారు. గుడిలో పాట పాడితే చిన్నపిల్లలు నవ్వుతున్నారు. ఆదివారము నాడు ఆరాధన మొదలయ్యే ముందు ఫోను చేసి, ఆ ఫోను ఆడవాళ్ళ వైపు, కిటికీ దగ్గర నా స్థలములో పెట్టించగలవా బిడ్డా? మాట్లాడను. వింటాను, అంతే."

అప్పటి నుండి అలాగే జరుగుతున్నది. నేను జనగామకు బదిలీ అయి వచ్చాను గాని, ఆ పల్లెకు ఎప్పుడు వెళ్ళినా చూస్తుంటాను. ఆడవాళ్ళ వైపు, కిటికీ ప్రక్కన, చాప మీద మడత పెట్టిన తువాలు, దాని మీద ఫోను. ఆ చోట ఇంకెవరూ కూర్చోరు. మాట్లాడనన్న మాట మాత్రము అమ్మగారు నిలుపుకోలేదు. పోయిన క్రిస్మసుకు రెండవ పాట ఎత్తుకోగానే, ఫోనులో నుండి అందరికీ వినబడేటట్టు, "శ్రుతి హెచ్చింది, దించండి" అన్నారు. దించి పాడారు.